శిక్షల్ని ‘పునరుద్ధరించారు’ అనవచ్చా?

సందేహం: టెక్సాస్‌లోని ఆస్టిన్‌లో ఉంటున్నాం. ఇక్కడి తెలుగు పత్రికకు ‘నగర ఆర్డినెన్సుల ఉల్లంఘనకు క్రిమినల్ శిక్షలను ఓటర్లు 2021లో పునరుద్ధరించారు’ అని రాశాను. చదివినవాళ్ళు అర్థం కాలేదన్నారు. తప్పెక్కడుంది?

సమాధానం: వ్యాకరణంలో తప్పు లేదు. మాటల ఎంపికలోనే ఉంది చిక్కంతా.

‘ఉద్ధరణ’ అంటే పైకెత్తడం. పాడుపడిన గుడిని పునరుద్ధరిస్తాం. తుపాను వెలిశాక కరెంటును పునరుద్ధరిస్తారు. పాత పింఛను విధానాన్ని పునరుద్ధరించాలని ఉద్యోగులు అడుగుతారు. ఎక్కువగా, తిరిగి రావాలని జనం కోరుకున్నదాని పక్కనే ఈ మాట కనిపిస్తుంది. దాన్ని శిక్షకు వాడితే మీరు ఒక పక్షం తీసుకున్నట్టే. ఇల్లు లేనివారు బహిరంగ స్థలాల్లో గుడారాలు వేసుకోవడాన్ని మళ్ళీ నేరం చేయడానికి ఆస్టిన్ ఓటర్లలో సుమారు 57 శాతం మంది ఔనన్నారు, మిగతావారు వద్దన్నారు. ఇద్దరికీ చెల్లే మాట ‘మళ్ళీ అమల్లోకి తెచ్చారు’.

‘క్రిమినల్ శిక్ష’ దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. ఆ మాట వింటే మనవాళ్ళకు జైలే గుర్తొస్తుంది. మీరు రాసిన ఉల్లంఘన టెక్సాస్‌లో ‘క్లాస్ సి’ అనే చిన్న తరగతి నేరం. జైలు లేదు, 500 డాలర్ల దాకా జరిమానా మాత్రమే. అయినా అది నేరమే, కోర్టులో తేలాల్సిందే. పోనీ ఉత్త ‘జరిమానా’ అందామా అంటే అదీ చాలదు. కరెంటు బిల్లు ఆలస్యమైతే పడేదీ జరిమానాయే, మెజిస్ట్రేటు వేసేదీ జరిమానాయే. నిజానికి నేరం అనే అర్థమున్న ‘జుర్మ్’ నుంచే ఈ మాట వచ్చింది, వాడుకలో ఆ అర్థం అరిగిపోయింది. (ఒకప్పుడు జరిమానాకే ‘దండుగ’ అనేవారు. ఇప్పుడు దండుగంటే వృథా.)

ఇది మన దేశానికీ అవసరమైన తేడా. 2023 జన్ విశ్వాస్ చట్టం 42 కేంద్ర చట్టాల్లోని 183 నిబంధనలను సవరించి, చాలాచోట్ల కోర్టు వేసే ఫైన్ బదులు అధికారి వేసే పెనాల్టీని తెచ్చింది. రెంటినీ జరిమానా అనే రాస్తే ఏం మారిందో పాఠకుడికి ఎలా తెలుస్తుంది? మొదటిదాన్ని ‘కోర్టు జరిమానా’ అని, రెండోదాన్ని ‘అపరాధ రుసుము’ అని విడదీయాలని నా గట్టి అభిప్రాయం.

ఇక ఆర్డినెన్స్. మనకది చట్టసభ సమావేశాల్లో లేనప్పుడు రాష్ట్రపతో గవర్నరో తెచ్చేది. అమెరికాలో నగర కౌన్సిల్ చేసే స్థానిక చట్టం. ‘నగర చట్టం’ అనండి, చాలు.

అన్నిటికన్నా పెద్ద లోటు, ఏ పని నేరమైందో, ఎవరి మీద పడిందో మీ వాక్యంలో లేకపోవడం. ఇల్లు లేని మనుషుల సంగతి ఇది, దాన్ని దాచే వాక్యం రాయకూడదు. నాలుగు వాక్యాలైనా ఫర్వాలేదు, ఇలా రాయండి: ‘ఇల్లు లేనివారు బహిరంగ స్థలాల్లో గుడారాలు వేసుకోవడంపై ఉన్న ఆంక్షలను ఆస్టిన్ కౌన్సిల్ 2019లో సడలించింది. 2021 మే 1 నాటి ఓటింగ్‌తో అది మళ్ళీ నేరమైంది. డౌన్‌టౌన్‌లో, యూనివర్సిటీ చుట్టుపక్కల కాలిబాటల మీద కూర్చోవడం, పడుకోవడం కూడా నేరమే. 500 డాలర్ల దాకా కోర్టు జరిమానా పడవచ్చు.’