ఆ పెద్దాయన పేరు సంగతి తర్వాత, పాస్టర్‌గారూ

కృష్ణా జిల్లా నుంచి ఒక సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) పాస్టర్‌గారు రాశారు. వచ్చే నెల రిటైరవుతున్నారు. తన మీద బిషప్ ఆఫీసుకు అర్జీలు పెట్టిన సంఘపెద్ద పేరు వీడ్కోలు సభలో కృతజ్ఞతల్లో చదవాలా, వదిలెయ్యాలా అన్నది ప్రశ్న. బైబిల్లో సమూయేలు ప్రవక్త తన నిజాయితీ గురించి జనాన్ని అడిగినట్టు ‘నేనెవరి ఎద్దును తీసుకున్నాను?’ అని అందరి ముందూ అడిగితే ఆయనకు తగులుతుందా అని కూడా. మూడు పేజీల ఉత్తరంలో భార్య ఊసు రెండేచోట్ల ఉంది. మందిరం ప్రహరీకి డబ్బు చాలక ఆవిడ గాజులు తాకట్టు పెట్టానని ఒకచోట. ‘మా ఇంటావిడ సభకు రానంటోంది, ఆడవాళ్ళ అలకలు మీకు తెలియనివా’ అని చివర్లో.

పాస్టర్‌గారూ, వందనాలు.

ఆ పెద్దాయన పేరు అందరితోపాటు ఒక్క ముక్కలో చదివెయ్యండి. అయిపోయింది. దానికి మూడు పేజీలు అక్కర్లేదు.

మీకు అలకలా కనిపిస్తున్నదాని గురించి మాట్లాడుకుందాం. గాజులు తాకట్టు పెట్టేముందు ఆవిణ్ణి అడిగారా? తర్వాత విడిపించారా? ఈ రెండూ మీరు రాయలేదు. ‘సంఘం కోసం’ అని మాత్రం రాశారు. సంఘం కోసం త్యాగం చేసే హక్కు మీ ఉంగరం మీద మీకుంది, ఆవిడ గాజుల మీద లేదు. సమూయేలు ప్రశ్న మైకులో అడగాలని అంత ముచ్చటగా ఉంటే ముందు మీ వంటగదిలో అడిగి చూడండి. జవాబు అక్కడ దొరుకుతుంది.

సండే స్కూలు, స్త్రీల మైత్రి, పురుళ్ళు, చావులు, ఆదివారం ఆరాధన అయ్యాక ఇంటికొచ్చిన ప్రతివారికీ టీ. ఊరంతా ‘అమ్మగారూ’ అని పిలుస్తుంది. డయోసిస్ (బిషప్‌గారి పరిధి) లెక్కల్లో ఆ అమ్మగారికి రూపాయి జీతం లేదు. నంద్యాల డయోసిస్‌కు 2013లోనే పుష్పలలితగారు బిషప్ అయ్యారు, మొత్తం సీఎస్ఐలో స్త్రీ బిషప్ కావడం అదే మొదలు. మన పార్సనేజీల్లో, అంటే సంఘం పాస్టర్లకిచ్చే ఇళ్ళల్లో మాత్రం పాస్టర్‌గారి భార్య అంటే సంఘానికి ఊరికే దొరికిన పనిమనిషే. ఈ మాట కటువుగా ఉందని మీకనిపిస్తే అనిపించనివ్వండి.

బైబిల్లో రోమా సంఘానికి పౌలు రాసిన ఉత్తరం, రోమా పత్రిక, 16వ అధ్యాయం మీరు ఎన్నిసార్లు చదివి వినిపించి ఉంటారు! పౌలు అక్కడ పేరుపేరునా తలుచుకున్నాడు. మొదలుపెట్టిందే ఫీబే అనే స్త్రీతో. తర్వాత ప్రిస్కిల్ల, ఆమె భర్త అకుల. భార్య పేరే ముందు. రూఫు అనే విశ్వాసి తల్లిని తనకూ తల్లే అన్నాడు. మీరు నాకు పంపిన చిత్తుప్రతిలో బిషప్‌గారున్నారు, పాస్టరేట్ కమిటీ ఉంది, కాయిర్ ఉంది, చివరికి మైకుసెట్టు అబ్బాయి కూడా ఉన్నాడు. మీ ఇంటావిడ లేదు.

అలాగని ఇప్పుడు హడావిడిగా ఆవిడ పేరు ఇరికించి, వేదిక మీదికి పిలిచి శాలువా కప్పించకండి. ఇంట్లో ఒక్కసారీ అనని మాట వెయ్యిమంది ముందు అంటే అది ఆవిడకు అవమానం. ముందు ఇంట్లో చెప్పండి. గాజుల సంగతి మీరే ఎత్తండి. ప్రసంగంలా కాకుండా, మధ్యలో బైబిలు వాక్యం ఎత్తకుండా. ఆవిడ కోపంగా ఏదైనా అంటే వినండి. ప్రార్థన చేసుకుందాం అని మాట మార్చకండి, ఆ పని మీకు బాగా అలవాటై ఉంటుంది.

సంఘం కవరులో పెట్టి ఇచ్చే కానుక ఆవిడ చేతికివ్వండి. పాత గాజులు వేలంలో పోయి ఉంటే కొత్తవి కొనుక్కుంటుందో, బ్యాంకులో వేసుకుంటుందో ఆవిడిష్టం.

పార్సనేజి ఖాళీ చేశాక అదే వీధిలో ఇల్లు అద్దెకు తీసుకుంటానన్నారు, ‘జనం కోసం’. వద్దు. రేపొచ్చే పాస్టర్‌గారికి పెళ్ళిళ్ళూ బాప్తిస్మాలూ ఆయన చేతుల మీద జరగనివ్వండి. మీ వీధిలో ఇల్లుంటే జనం మీ గుమ్మానికే వస్తారు, టీ మళ్ళీ ఆవిడే పెట్టాలి. ఏ ఊళ్ళో ఉండాలో ఈసారి ఆవిణ్ణి చెప్పమనండి. ఇన్ని బదిలీల్లో ఆ మాట ఎవరూ అడిగి ఉండరు.

ఇవన్నీ అయ్యాక కూడా సభకు రానంటే మీరొక్కరే వెళ్ళండి. ‘అమ్మగారేరీ?’ అని తప్పకుండా అడుగుతారు. ఒంట్లో బాగోలేదని చెప్పకండి. ‘రానంది, ఆవిడిష్టం’ అని చెప్పి కూర్చోండి.