ప్రింటరు కన్నా ముందు ఆర్డర్లు

నగల తయారీ సంస్థలో క్యాడ్ డిజైనర్‌గా (కంప్యూటర్‌లో నగల నమూనాలు గీసే పనిలో) ఉన్న ఒక పాఠకురాలు, దాచుకున్న సొమ్ముతో త్రీడీ ప్రింటరు, ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొని, ఉద్యోగం మానేసి ఆన్‌లైన్‌లో సొంత వ్యాపారం పెట్టుకోవచ్చా అని అడిగారు.

వ్యాపారం మొదలుపెట్టండి. అయితే ఉద్యోగం అప్పుడే మానకండి, పొదుపును యంత్రాల మీద పెట్టకండి. ఇతర తయారీదారులకు డిజైన్లు గీసి ఇవ్వడానికి మీ సమయం తప్ప పెద్ద పెట్టుబడి అక్కర్లేదు కనుక అక్కడి నుంచే మొదలుపెట్టడం మేలు. త్రీడీ డిజైన్లు అమ్మే సీజీట్రేడర్ వంటి వెబ్‌సైట్లలో ఒకే డిజైన్ ఫైలును ఎందరికైనా అమ్మవచ్చు గానీ, దానిని నెలవారీ ఆదాయంగా లెక్కవేసుకోకండి.

సొంత పేరుతో నగలు చేయించి అమ్మాలంటే మాత్రం లెక్క గట్టిగా ఉండాలి. 0.4 ఘన సెంటీమీటర్ల ఉంగరం 925 వెండిలో (92.5 శాతం వెండి ఉన్న మిశ్రమం) సుమారు 4 గ్రాములు తూగితే, 18 క్యారెట్ల బంగారంలో 6 గ్రాములు దాటుతుంది. కొనేవారు “కాస్త మందంగా చేయండి” అన్నారని ఘనపరిమాణాన్ని ఐదో వంతు పెంచితే, గ్రాముకు పైగా బంగారం అదనంగా పడుతుంది. ధర ముందే ఖాయం చేసి ఉంటే ఆ భారం మీదే. అందువల్ల డిజైన్ రుసుము, ఆనాటి రేటు ప్రకారం లోహం ధర, మజూరీ, తరుగు వేర్వేరుగా చూపండి. పోతకు (కరిగించిన లోహాన్ని అచ్చులో పోయడానికి) పంపే ముందే కనీసం లోహం ఖరీదు అడ్వాన్సుగా తీసుకోండి. ఎన్ని మార్పులు ఉచితమో కూడా రాసిపెట్టుకోండి, ఎందుకంటే ఈ పనిలో లాభాన్ని తినేసేవి చాలావరకు ఆ మార్పులే.

డిజైన్ సాఫ్ట్‌వేర్లలో బ్లెండర్ ఉచితం, రైనోను 90 రోజులు ఉచితంగా వాడి చూడవచ్చు. కొనుగోలు ఆ తర్వాతి మాట. ఆఫీసు పనివేళల్లో గీసినవి సాధారణంగా సంస్థకే చెందుతాయి కనుక మీ ఉద్యోగ ఒప్పందం ఒకసారి చదవండి.

అమ్మకాలకు ఒకే వేదికను నమ్ముకోకండి. 2007లో మొదలై, డిజైనర్ల నమూనాలను ప్రింట్ చేసి అమ్మిపెట్టిన షేప్‌వేస్ అనే త్రీడీ ప్రింటింగ్ సంస్థ 2024లో దివాలా తీసింది. తర్వాత తిరిగి తెరుచుకున్నా, అమ్మకాలన్నీ దాని మీదే నడుపుకున్నవారికి అది గట్టి దెబ్బే. అసలు ఫైళ్లు, కొనుగోలుదారుల వివరాలు మీ దగ్గరే ఉంచుకోండి.

ఆరు నెలల ఇంటి ఖర్చు విడిగా ఉండి, పన్ను పోగా మిగిలే ఆదాయం వరుసగా కొన్ని నెలలు ఇంటి ఖర్చుకు సరిపోయినప్పుడు రాజీనామా గురించి ఆలోచించండి. ప్రింటింగుకు బయట చెల్లించే బిల్లు సొంత యంత్రం ఖర్చును (ప్రింటరులో పోసే రెసిన్ అనే ముడిసరుకు, చెడిపోయిన ప్రింట్లతో సహా) మించిన నాడు ప్రింటరు కొనండి.