ఉల్లి వేరులో కణ విభజన కనబడకపోతే

అక్కా, ఉల్లి వేరు స్లైడులో విభజన చెందుతున్న కణం ఒక్కటీ కనబడక, జీవశాస్త్రం తనకు రాదేమోనని బీఎస్సీ మొదటి సంవత్సరంలో ఉన్న మీ అమ్మాయి బెంగపడుతోందని రాశారు. లోపం ఆమె తెలివిలో లేదు. బహుశా వేరు కోసిన చోటులో ఉంది.

విభజన జరిగేది కొసన ఒకటి రెండు మిల్లీమీటర్లలోనే. పైన కోస్తే పొడవుగా సాగిన కణాలే కనిపిస్తాయి. మల్లేశ్వరం మార్కెట్లో గట్టి ఉల్లిగడ్డ కొని, ఎండిన పాత వేర్లు గీకేసి, అడుగు మాత్రం నీటికి తగిలేలా గ్లాసు మీద నిలబెట్టమనండి. రెండు మూడు రోజుల్లో తెల్లని వేర్లు వస్తాయి. ఉదయం పూట కోయాలి.

మిగతా పని కాలేజీ ప్రయోగశాలలోనే. ఒక పాలు ఎసిటిక్ ఆమ్లం, మూడు పాళ్లు ఆల్కహాలు కలిపిన ద్రావణంలో కోసిన వేరు కొసలను ఒక రోజు ఉంచాలి. ఆపైన పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కాస్త వేడి చేస్తే కణాలు విడివడతాయి. నేను ఇక్కడ పిల్లలకు నేర్పేటప్పుడు చూశాను, తొందరలో చాలామంది వదిలేసేది ఈ మెట్టే. ఎసిటోకార్మిన్ అనే ఎర్ర రంగు వేశాక కొస ముదురు ఎరుపవుతుంది. ఆ ముక్కనే ఉంచి, పైన కప్పిన పలచని గాజు ముక్క (కవర్‌స్లిప్) మీద బొటనవేలితో నిలువుగా నొక్కాలి, పక్కకు జరపకూడదు.

ఉల్లికి 16 క్రోమోజోములే, పైగా పెద్దవి. అవి నడుమ వరుసకట్టి ఉన్న కణం ఒక్కటి దొరికితే లెక్కపెట్టి చూడమనండి.