వాచీ చెప్పిన మారథాన్ టైమును నమ్మవచ్చా?

సందేహం: 10 కిలోమీటర్లు 60 నిమిషాల్లో పరుగెత్తుతాను. మారథాన్‌కు 4 గంటల 36 నిమిషాల 1 సెకను పడుతుందని నా వాచీ చూపిస్తోంది. స్నేహితుడు పంపిన యాప్ ఇంకో పావుగంట తగ్గించి చెబుతోంది. దేన్ని నమ్మాలి? – ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: రెండింటినీ నమ్మకండి. ఆగస్టులో హైదరాబాద్ మారథాన్ దగ్గరపడే కొద్దీ ఈ ప్రశ్న వస్తూనే ఉంటుంది.

మీ వాచీ చూపిన అంకె పీట్ రీగెల్ సూత్రంతో సరిగ్గా సరిపోతోంది. ఆయన అమెరికన్ ఇంజినీరు. 1977లో ప్రచురించిన ఆ సూత్రం ప్రకారం దూరం రెట్టింపైతే సమయం రెట్టింపు కాదు, సుమారు 2.085 రెట్లు అవుతుంది. దూరాల నిష్పత్తిని 1.06 ఘాతానికి పెంచి పాత సమయంతో గుణిస్తే చాలు. అయితే ఈ లెక్క మూడున్నర నిమిషాల నుంచి 230 నిమిషాల దాకా సాగే పరుగులకే అని రీగెల్ హద్దు కూడా గీశారు. 230 నిమిషాలంటే 3 గంటల 50 నిమిషాలు. ఆ హద్దు దాటాక కూడా మీరు ఇంకో 46 నిమిషాలు పరుగెత్తాలి!

ఈ సంగతి వాచీ మీకు చెప్పిందా? చెప్పదు. నాకు కోపం తెప్పించేది ఇదే. 30 కిలోమీటర్లు దాటాక కండరాల్లో ఇంధనంగా నిల్వ ఉండే పిండిపదార్థం (గ్లైకోజెన్) అడుగంటితే కాళ్లు మొరాయిస్తాయి. ఆగస్టు ఉక్కపోత, ఫ్లైఓవర్ల ఎత్తుపల్లాలు వేరే. మీరు ఎన్నడైనా 30 కిలోమీటర్లు పరుగెత్తారో లేదో ఒక్క 10 కిలోమీటర్ల పరుగును బట్టి ఎవరూ చెప్పలేరు. అలాంటప్పుడు ‘నాలుగున్నర నుంచి అయిదు గంటలు’ అని చూపడమే నిజాయితీ. సెకన్లతో సహా చూపిస్తే కొత్తవాళ్లు ఆ వేగాన్నే పట్టుకుని మొదటి సగంలోనే అలసిపోతారు.

మీరు చేయవలసింది ఒకటి ఉంది. అయిదారు వారాల ముందు హాఫ్ మారథాన్ (మారథాన్‌లో సగం, సుమారు 21 కిలోమీటర్లు) ఒకటి పరుగెత్తండి. ఆ సమయాన్ని 2.085తో గుణించండి. 10 నుంచి 42కు దూకడం కంటే 21 నుంచి 42కు వెళ్లడంలో తప్పు తగ్గుతుంది. వచ్చిన దానికి పది, పదిహేను నిమిషాలు కలుపుకోండి.

ఇక ఆ స్నేహితుడి యాప్ సంగతి. దాన్ని తెరవగానే మీ పరుగుల ఖాతాతో కలపమని, లొకేషన్ ‘ఎల్లప్పుడూ’ ఇవ్వమని అడిగిందా? దూరం, సమయం అనే రెండు అంకెలతో తేలే లెక్కకు మీరు రోజూ ఎక్కడ తిరుగుతున్నారో ఎందుకు? రోజూ ఉదయం 5.10కి మీ గేటు దగ్గర మొదలై మళ్లీ అక్కడే ఆగే గీతను చూస్తే మీ ఇల్లు ఏదో, మీరు ఇంట్లో ఏ వేళ ఉండరో ఎవరికైనా తెలిసిపోతుంది. ఒక ఫిట్‌నెస్ యాప్ 2017 నవంబరులో విడుదల చేసిన ప్రపంచ పటంలో సైనికుల పరుగు దారులు వెలుగుతూ 2018 జనవరిలో సైనిక స్థావరాల ఆనవాళ్లు బయటపడ్డాయి. అందులో ఎవరి పేరూ లేదు, అయినా ఆచూకీ దొరికింది.

వాచీ యాప్‌లో ఇంటి చుట్టూ దారిని దాచే సెట్టింగ్ ఉంటే ఈరోజే ఆన్ చేయండి. స్నేహితుడి యాప్‌ను ఫోన్ నుంచి తీసేస్తే సరిపోదు. ఒకసారి ఇచ్చిన అనుమతి మీ ఖాతాలో అలాగే ఉండిపోవచ్చు. ఖాతా సెట్టింగ్స్‌లో ‘అనుసంధానించిన యాప్‌లు’ అనే చోటికి వెళ్లి అక్కడ కూడా రద్దు చేయండి.