ప్రభ చందా ఇవ్వనంటే సంఘంలోంచి తీసేస్తారా?

ప్రశ్న: మాది అంబాజీపేట మండలమండి. ఊళ్లో కొబ్బరి రైతుల సంఘం ఉంది, రిజిస్టరైందే. కురిడీ, అంటే ఎండు కొబ్బరి, నిలవ చేసుకునే షెడ్డు సంఘానిది. నాకు దేవుడి మీద నమ్మకం లేదు. కనుమనాడు దేవుడి పేర అలంకరించి ఊరేగించే ప్రభకి సంఘం వేసే చందా ఇవ్వనన్నాను. కమిటీవాళ్లు కూర్చుని నా పేరు కొట్టేశారు. అడిగితే ‘మా సంఘం, మా ఇష్టం’ అంటున్నారు. వాళ్లకా హక్కుందాండీ?
– ఒక కొబ్బరి రైతు

జవాబు: ‘మా సంఘం, మా ఇష్టం’ అనే మాటలో బలం లేకపోలేదండి. సంఘం పెట్టుకునే హక్కు రాజ్యాంగం 19వ అధికరణంలో ఉంది. తాము కోరి చేర్చుకున్నవాళ్లతోనే సంఘం నడుపుకోవడం కూడా అందులో భాగమేనని 1971లో హిందీ సాహిత్య సమ్మేళన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పార్శీలకే సభ్యత్వం అని ఒక గృహనిర్మాణ సహకార సంఘం రాసుకున్న నియమాన్ని 2005లో నిలబెట్టింది కూడా.

ఆ హక్కు ఉండాలనే నేనూ అంటాను. నాస్తికోద్యమ నాయకుడు గోరా గారు 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. అందులో చేరి సత్యనారాయణ వ్రతాలు చేయిస్తానని ఎవరైనా వస్తే, వద్దు బాబూ అనే స్వేచ్ఛ వాళ్లకు ఉండొద్దూ? మీ ఊరి భజన సమాజానికైనా అంతే.

అదే గోరా గారు అంతకుముందు కాకినాడ పి.ఆర్. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేవారు. నాస్తికుడని 1933లో ఉద్యోగంలోంచి తీసేశారు. మొక్కల పాఠం చెప్పడానికి దేవుణ్ణి నమ్మాలా? అది అన్యాయం. మీకు జరిగిందీ అలాంటిదే. మీ సంఘం పుట్టింది కొబ్బరి కోసం. తెల్లదోమ పట్టినా, కాయ ధర పడిపోయినా మీకూ, ప్రభ మోసేవాళ్లకూ నష్టం ఒక్కటే. భక్తి అడిగే పని ఆ సంఘానికి లేదు.

ఇక చేయాల్సింది. అమలాపురంలో వకీలుగా సంఘాల తగువులు చాలా చూశాను, సగం మినిట్స్ పుస్తకం దగ్గరే తేలిపోతాయి. ముందు బైలాస్ (సంఘం నియమావళి) నకలు తీయించండి. సంఘం ఆశయాల్లో ప్రభ ఉందా? సభ్యుణ్ణి ఏ కారణాలకు తీసేయొచ్చని రాశారు? మీకు నోటీసు ఇచ్చారా, మీ జవాబు విన్నారా? బెల్గాంలోని ఒక ఫ్రీమేసన్ లాడ్జి (ఫ్రీమేసన్లనే సోదర సంఘం శాఖ) కేసులో సుప్రీంకోర్టు సభ్యుడి తొలగింపును సమర్థించింది. కానీ ఆరోపణ చెప్పి సంజాయిషీ వినాలని, సొంత నియమాలు తూచా తప్పకుండా పాటించాలని అందులోనే చెప్పింది. లాడ్జికి తప్పనిది మీ కమిటీకి తప్పుతుందా? మీది 2001 సొసైటీల చట్టం కింద రిజిస్టరై ఉంటే, 23వ సెక్షను ప్రకారం జిల్లా కోర్టులో దరఖాస్తు వేయొచ్చు. 1995 పరస్పర సహాయ సహకార చట్టం కిందిదైతే దారి వేరు, ఆ కాగితాలతో మళ్లీ రాయండి.

కోర్టుకంటే ముందు సర్వసభ్య సమావేశం అడగండి. ప్రభ లెక్క విడిగా పెట్టి, ఇష్టమున్నవాళ్ల దగ్గరే వసూలు చేయమనండి. చందా ఇవ్వకపోవడం మీ హక్కు. ప్రభ కట్టే కుర్రాళ్లను మాత్రం ఒక్క మాట అనకండి. వాళ్ల నమ్మకం కూడా మీ నమ్మకమంత విలువైనదే.

షెడ్డులో మీ కురిడీ ఇంకా ఉంటే, ఎవరు తొందరపెట్టినా లెక్క రాయించుకుని రసీదు తీసుకోకుండా కదపకండి.