అమ్మలూ, ఇల్లు తర్వాత... ముందు ఏరియా చూడు

మురళీనగర్,
విశాఖపట్నం

చిరంజీవి అమ్మలుకి పెద్దమ్మ ఆశీస్సులు.

విశాఖలో అద్దె ఇల్లు ఎక్కడ తీసుకోవాలని నువ్వు ఫోన్ చేసినప్పుడు రైతుబజారులో ఉన్నాను. ఆ గోలలో సరిగ్గా మాట్లాడలేకపోయాను. రాత్రి కూర్చుని ఆలోచిస్తే నీకు చెప్పాల్సింది చాలా ఉందనిపించింది, అందుకే ఉత్తరం రాస్తున్నాను. అల్లుడుగారికి కూడా చదివి వినిపించు.

నువ్వు పంపిన ఇళ్ల ఫోటోలన్నీ చూశాను. తెల్లటి టైల్స్, మాడ్యులర్ కిచెన్, బాల్కనీలోంచి దూరంగా కనపడే సముద్రం. బాగానే ఉన్నాయి. కానీ ఆ ఇంటికి కుళాయి నీళ్లు ఎన్ని గంటలకి వస్తాయో, రాత్రి ఎనిమిదింటికి ఆ వీధిలో దీపాలు వెలుగుతాయో లేదో ఒక్క ఫోటోలోనూ లేదు. నేను ఈ ఊరొచ్చి ముప్పై నాలుగేళ్లయింది. ఏడు అద్దె ఇళ్లు మారాను. వాటిలో ఇల్లు బాగున్నా ఏరియా పడక ఖాళీ చేసినవి నాలుగు. ఏరియా బాగుండి, ఇల్లు చిన్నదని ఖాళీ చేసింది మాత్రం ఒక్కటీ లేదు. వంటిల్లు ఇరుకైతే సర్దుకుంటాం. నీళ్లు రాకపోతే, పిల్లాడికి దగ్గు తగ్గకపోతే ఎలా సర్దుకుంటాం?

ముందు సముద్రం సంగతి చెబుతాను, ఎందుకంటే నీ మనసు అక్కడే ఉందని నాకు తెలుసు. మేం మొదట దిగింది పెదవాల్తేరులో, కరకచెట్టు పోలమాంబ గుడికి నాలుగు వీధుల అవతల. మేడ మీద పోర్షన్. సాయంత్రం గాలి అద్భుతంగా ఉండేది. రెండో ఏడాదికి కిటికీ ఊచల మీద రంగు పొక్కులు పొక్కులుగా లేచింది. గోరుతో గీకితే తుప్పు పొరలు పొరలుగా చేతిలోకి వచ్చేది. ఫ్రిజ్ అడుగు రేకు తినేసింది. సైకిల్ చెయిన్ నెలకోసారి నూనె వేసినా పట్టేసేది. ఉప్పు గాలి అంటే అది. బీచ్ రోడ్డు, కిర్లంపూడి, లాసన్స్ బే, పాండురంగాపురం, వీటిలో ఎక్కడున్నా ఈ బాధ తప్పదు, పైగా అద్దె ఊళ్లో అన్నిటికంటే ఎక్కువ. హుద్‌హుద్ తుపాను వచ్చిన రోజు, 2014 అక్టోబరు 12న, సముద్రం వైపు తిరిగి ఉన్న అద్దాల కిటికీలు ఎన్ని పగిలాయో అప్పుడు ఈ ఊళ్లో ఉన్నవాళ్లకి తెలుసు. ఈ ఊళ్లో సముద్రం అందరిదీ. ఆదివారం సాయంత్రం బస్సెక్కి ఆర్కే బీచ్‌కి వెళ్తే ఇసకలో కూర్చోవచ్చు, తెన్నేటి పార్కుకి వెళ్తే గట్టు మీద కూర్చోవచ్చు. దానికి నెలనెలా అద్దె కట్టక్కర్లేదమ్మా.

రెండోది గాలి. మన ఊరు గిన్నెలా ఉంటుంది. ఉత్తరాన సింహాచలం, కైలాసగిరి కొండల వరస, దక్షిణాన యారాడ కొండ. మధ్యలో పోర్టు, రిఫైనరీ, రైల్వే యార్డులు, వాటిని ఆనుకుని పాత ఊరు. పగలు సముద్రం నుంచి వీచే గాలి దుమ్మును ఊళ్లోకి తోస్తుంది, కొండలు దాన్ని దాటిపోనివ్వవు. వన్ టౌన్‌లో, జ్ఞానాపురంలో అద్దెలు అందుబాటులోనే ఉంటాయి. కురుపాం మార్కెట్ పక్కనే, రైల్వే స్టేషన్ దగ్గర, మనుషులు మంచివాళ్లు. కానీ బాబుకి చలికాలంలో ఆయాసం వస్తుందని నువ్వే చెప్పావు కదా. అందుకే ఏ ఇంటికి వెళ్లినా ఒక పని చెయ్యి. తెల్ల చేతిరుమాలు తడిపి కిటికీ గట్టు మీద ఒక్కసారి తుడువు. మామూలు మట్టి అయితే గోధుమరంగులో వస్తుంది. బొగ్గు దుమ్ము అయితే కాటుకలా నల్లగా, కాస్త జిడ్డుగా అంటుకుంటుంది. పై అంతస్తులో ఆరేసిన బట్టలు కూడా చూడు. ఎవరినీ అడగక్కర్లేకుండా తెలిసిపోతుంది.

ఫ్యాక్టరీ గోడకి ఎంత దూరమో కూడా చూసుకోవాలి. 2020 మే 7 తెల్లవారుజామున గోపాలపట్నం దగ్గర వెంకటాపురంలో స్టైరీన్ గ్యాస్ లీకై పన్నెండు మంది పోయారు. నిద్రలో ఉన్నవాళ్లు లేచి పరిగెత్తుతూ వీధుల్లోనే పడిపోయారు. ఆ రోజు నుంచి ఎవరు ఇల్లు చూడమన్నా మ్యాప్ తీసి చుట్టూ రెండు మూడు కిలోమీటర్లలో ఏముందో చూస్తున్నాను. గోపాలపట్నం మొత్తం వద్దని కాదు, అది పెద్ద ఏరియా. రైతుబజారు ఉంది, బస్సులున్నాయి, అద్దె తక్కువ. ఏ వీధి అన్నదే చూసుకోవాలి.

నీళ్ల గురించి ఓనర్ని అడిగితే "ఇరవై నాలుగ్గంటలూ నీళ్లేనమ్మా" అంటారు. అది బోరు నీళ్ల మాట. కుళాయి ఎప్పుడొస్తుంది, ఎంతసేపు వస్తుంది, ఎండాకాలంలో ట్యాంకర్ తెప్పించుకుంటారా, ఆ డబ్బు మెయింటెనెన్స్‌లో కలుపుతారా అని విడివిడిగా అడుగు. ఓనర్ని కాదు, కింద పోర్షన్ ఆవిడని అడుగు. బోరు నీళ్లు ఉప్పగా ఉన్నా, వాటిలో సున్నం ఎక్కువగా ఉన్నా కందిపప్పు కుక్కర్లో ఆరు విజిల్స్ వచ్చినా పలుకుగానే ఉంటుంది. మధురవాడ దగ్గర మేమున్న ఇంట్లో ఏడాది పాటు అదే పరిస్థితి. నీళ్లు కాచిన గిన్నె అడుగున సున్నంలా తెల్లటి పొర కట్టేది, గీకితే గానీ పోయేది కాదు. ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు కింద పోర్షన్ ఆవిడ గీజర్ బకెట్టు అంచు చూస్తే చాలు.

ఇంకొకటి గెడ్డ. పార్వతీపురంలో గెడ్డ అంటే నీకు వాగు. ఇక్కడ వాన నీళ్లు, మురుగు కలిసి పోయే పెద్ద కాలువ కూడా గెడ్డే. దాని పక్క వీధుల్లో అద్దె తగ్గుతుంది, ఎందుకు తగ్గిందో అక్టోబరు వానలకి తెలుస్తుంది. కాంపౌండు గోడ మీద అడుగున్నర ఎత్తున మట్టి చార కనపడితే ఆ ఇల్లు వదిలెయ్. కొండవాలు ఇళ్లు కూడా అంతే. మెట్లెక్కి వెళ్లాలి, గ్యాస్ సిలిండరు పైకి తేరు, పెద్ద వానకి మట్టి జారుతుంది.

ఇక మీ అసలు చిక్కు. నీ ఆఫీసు రుషికొండలో, అల్లుడుగారి బ్రాంచి గాజువాకలో. ఊరికి ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు. మధురవాడ, పీఎం పాలెం, కొమ్మాది వైపు కొత్త అపార్ట్‌మెంట్లు చాలా వచ్చాయి, నీకు దగ్గర. అక్కడుంటే ఆయనకి పోనూ రానూ దాదాపు 55 కిలోమీటర్లు. నెలకి పాతిక రోజులేసుకున్నా బండికి ముప్పై లీటర్ల పెట్రోలు, అంటే మూడు వేల పైచిలుకు. అద్దెలో మిగిలిందంతా అక్కడే పోతుంది. డబ్బు సరే, హైవే మీద లారీల మధ్య రోజుకి రెండు గంటలు. గాజువాకలోనో కూర్మన్నపాలెంలోనో ఉంటే ఆ ప్రయాణం నీది అవుతుంది. ఆఫీసు క్యాబు ఇస్తున్నారంటున్నావు. ఇవాళ ఇస్తారు, రేపు మానేస్తారు. ఇల్లు క్యాబుని నమ్ముకుని తీసుకోకు, బస్సుని నమ్ముకుని తీసుకో. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్లకి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు, ఆధార్ కార్డు దగ్గరుంచుకుంటే చాలు. బస్‌స్టాపుకి నడిచి ఐదు నిమిషాల్లో చేరే ఇల్లయితే నెలకి నీకు ప్రయాణం ఖర్చే ఉండదు. కాబట్టి మధ్యలో చూడాలి, హైవేకి దగ్గరగా.

నాకు ఈ ఊరు ఒక రూపంలో అర్థమైంది గిరిప్రదక్షిణలో. ఆషాఢ పున్నమికి సింహాచలం కొండ చుట్టూ 32 కిలోమీటర్లు నడుస్తారు. పెదనాన్నా నేనూ కలిసి నాలుగుసార్లు నడిచాం. కొండ కింద మొదటి మెట్టు, తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక, అక్కణ్నుంచి అప్పూఘర్ మీదుగా ఎంవీపీ కాలనీ, సీతమ్మధార, మాధవధార, ఎన్ఏడీ, గోపాలపట్నం, మళ్లీ కొండ కిందకి. బస్సులో ముప్పై ఏళ్లు తిరిగినా తెలియని సంగతులు ఆ రాత్రి కాలినడకన తెలిశాయి. ఎక్కడ చెట్లున్నాయి, ఎక్కడ వీధి అరుగుల మీద మనుషులు కూర్చుంటారు, ఎక్కడ అర్ధరాత్రి కూడా ఆడపిల్లలు భయం లేకుండా నడుస్తున్నారు. ఆ దారి పొడుగునా ఉన్న ఏరియాల్లోనే మీకు ఇల్లు దొరుకుతుంది.

నా మనసులో ఉన్నవి చెబుతాను. మొదటిది మా వైపే: మురళీనగర్, మాధవధార, మర్రిపాలెం. నేనున్నానని చెప్పడం లేదు. రైల్వే, పోర్టు ఉద్యోగులు ఇళ్లు కట్టుకున్న పాత కాలనీలు ఇవి. రోడ్లు వెడల్పు, వెనక కొండ, వేపచెట్లు. ఎన్ఏడీ ఫ్లైఓవర్ ఎక్కితే ఆయనకి గాజువాక దగ్గరే. నువ్వు మద్దిలపాలెం వెళ్లి బస్సు మారాలి, అదొక్కటే ఇబ్బంది. హుద్‌హుద్ తర్వాత రోజుల తరబడి కరెంటు లేనప్పుడు మా వీధి చివర ఇంటివాళ్లు తమ నుయ్యి అందరికీ వదిలేశారు. పొద్దున్నే బిందెలతో వరసలో నిలబడి ఒకరి పిల్లల్ని ఒకరం ఎత్తుకున్నాం. అప్పటి స్నేహాలే ఇప్పటికీ నాకు ఆసరా.

రెండోది సీతమ్మధార, హెచ్‌బీ కాలనీ, ఎంవీపీ. పేరు చూసి ఖరీదు అనుకోకు. మెయిన్ రోడ్డు మీద ఖరీదే. లోపలి వీధుల్లో పాతికేళ్ల కిందట కట్టిన మూడంతస్తుల అపార్ట్‌మెంట్లు ఉన్నాయి, లిఫ్టు ఉండదు, టైల్స్ బదులు మొజాయిక్ ఫ్లోరింగ్. లిఫ్టు లేని మూడో అంతస్తుకి అద్దె తగ్గించడానికి ఓనర్లు ఒప్పుకుంటారు. మీ వయసులో మెట్లు పెద్ద లెక్క కాదు. ఎంవీపీలో రైతుబజారుకి నడిచి వెళ్లే దూరంలో ఉంటే కూరగాయల ఖర్చు కూడా కలిసొస్తుంది. గాజువాక మాత్రం కాస్త దూరమవుతుంది.

మూడోది విశాలాక్షినగర్, ఆరిలోవ. ఆరిలోవ అనగానే ఊళ్లో కొందరు మొహం చిట్లిస్తారు, పేదవాళ్ల కాలనీగా మొదలైందని. నాకు ఆ మాట నచ్చదు. కష్టపడి బతికే మనుషులున్న చోట వీధి ఎప్పుడూ మెలకువగా ఉంటుంది. గాజువాకకి దూరం కాబట్టి ఇప్పుడు కాదు గానీ, అల్లుడుగారికి బ్రాంచి మారితే ముందు అక్కడే చూడండి.

వెతకడం ఎలాగంటావా, ఫోన్ యాప్‌లో ఏరియా అద్దెలు ఎంతున్నాయో చూసుకో, అంతవరకే. మంచి ఇళ్లు టూలెట్ బోర్డు దాకా కూడా రావు. వీధి మొదట్లో ఇస్త్రీ బండి అతన్ని అడుగు. ఎవరు ట్రాన్స్‌ఫర్ అయ్యారో, ఏ పోర్షన్ వచ్చే నెల ఖాళీ అవుతుందో, ఏ ఓనర్ చీటికిమాటికి గొడవ పెట్టుకుంటాడో అతనికి తెలుసు. కర్రీ పాయింట్ ఉన్న వీధి అయితే అక్కడ మీలాంటి ఉద్యోగస్తులు ఉన్నారని అర్థం. నచ్చిన వీధికి మూడుసార్లు వెళ్లాలి: పొద్దున్న ఏడింటికి కుళాయి టైములో, సాయంత్రం ట్రాఫిక్‌లో, రాత్రి తొమ్మిది తర్వాత నువ్వు ఒక్కదానివి నడిచి. ఆయన దూరంగా నిలబడితే చాలు.

ఓనర్ మొదట అడిగేది "మీరేమిట్లు?" అని అయితే బాధపడకు, కానీ ఆ ఇల్లు తీసుకోకు. వచ్చే చుట్టాల్ని, వండే కూరని లెక్కపెట్టే ఇంట్లో మనశ్శాంతి ఉండదు.

ఆషాఢంలో ఇల్లు మారరు కాబట్టి ఆ నెలలో అడిగేవాళ్లు తగ్గుతారు, బేరానికి అదే మంచి సమయం. ఇప్పుడే మాట్లాడుకుని అడ్వాన్సు ఇచ్చి, శ్రావణంలో పాలు పొంగిద్దాం. అడ్వాన్సు రెండు నెలలకి మించి ఒప్పుకోవద్దు, రసీదు లేకుండా ఇవ్వొద్దు. ఖాళీ చేసేటప్పుడు రంగులకని ఎంత కోస్తారో అగ్రిమెంటులో రాయించు. మా ఐదో ఇంటి ఓనర్ నోటిమాటగా ఒక నెల అని, చివరికి మూడు నెలల డబ్బు ఉంచేసుకున్నాడు. ఆ నెల మీ అక్క కాలేజీ ఫీజుకి గాజులు తాకట్టు పెట్టాను. కరెంటు మీటరు మీకు విడిగా ఉండాలి, చేరిన రోజు రీడింగు ఫోటో తీసి ఉంచుకో.

కొనడం గురించి ఇప్పుడే ఆలోచించొద్దు. కనీసం రెండేళ్లు అద్దెకుండి ఊరు తెలుసుకోండి. భోగాపురం ఎయిర్‌పోర్టు పేరు చెప్పి ఫ్లాట్లు, స్థలాలు అమ్మేవాళ్లు రోజూ ఫోన్ చేస్తారు. అడవివరం, వేపగుంట లాంటి పంచగ్రామాల్లో సింహాచలం దేవస్థానం భూముల సమస్య ఉంది, అక్కడ చవగ్గా వస్తుందంటే నాకు చెప్పకుండా ఒక్క రూపాయి ఇవ్వకండి.

శనివారం రాత్రికి వచ్చేయండి. ఆదివారం పొద్దున్న ఆరింటికి మాధవధార నుంచి మొదలుపెట్టి సీతమ్మధార దాకా నడుద్దాం, ఎండెక్కేలోపు మూడు నాలుగు వీధులు అయిపోతాయి. బాబుని పెదనాన్న చూసుకుంటారు. నీ దగ్గర తెల్ల చేతిరుమాళ్లు ఉంటే రెండు పట్టుకురా.

ప్రేమతో,
పెద్దమ్మ