ఉరిశిక్ష రద్దా, మరణశిక్ష రద్దా?

సందేహం: కళాశాలలో జరగబోయే వక్తృత్వ పోటీకి ‘మరణశిక్ష – మానవ హక్కులు’ అనే అంశం మీద ప్రసంగం రాసుకుంటున్నాను. పత్రికల్లో ఉరిశిక్ష, మరణశిక్ష, మరణదండన అనే మూడు మాటలూ కనిపిస్తున్నాయి. ఇవి సమానార్థకాలేనా? ‘ఫ్రాన్స్ 1981లో ఉరిశిక్షను రద్దు చేసింది’ అని నేను రాసిన వాక్యాన్ని మా అధ్యాపకులు కొట్టేశారు. ‘సుప్రీంకోర్టు ఉరిశిక్షను రద్దు చేసింది’ అని వార్తల్లో రోజూ చదువుతుంటాం కదా, నా వాక్యంలో తప్పేమిటి? రాష్ట్రపతికి పెట్టుకునే అర్జీని క్షమాభిక్ష అనడం హక్కుల చర్చలో తగునా? – ఒక విద్యార్థి, కర్నూలు

సమాధానం: మీ అధ్యాపకులు కొట్టేయడం న్యాయమే. ఫ్రాన్స్‌లో నేరస్థుల ప్రాణం తీసింది ఉరితాడు కాదు, గిలటిన్ అనే తల నరికే యంత్రం. ఆ దేశం 1981లో తీసివేసింది మరణశిక్షను. మనకు మరణశిక్ష అనగానే ఉరికంబమే కళ్ళముందు మెదలడానికి కారణం మన చట్టమే. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 354వ సెక్షన్, మరణశిక్ష పడిన వ్యక్తిని ప్రాణం పోయేదాకా మెడకు ఉరివేసి వేలాడదీయాలని తీర్పులోనే ఆదేశించాలని చెప్పింది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత కూడా ఆ నిబంధనను కొనసాగించింది. అయితే ఏ నేరానికి ఏ శిక్ష అన్నది చెప్పే శిక్షాస్మృతిలో ఉన్న మాట ‘మరణం’ మాత్రమే. ‘ఉరి’ అన్నది శిక్ష అమలు తీరును చెప్పే ప్రక్రియా స్మృతిలో వస్తుంది. సైనిక చట్టం కింద పడిన మరణశిక్షను తుపాకితో కాల్చి అమలుచేసే వీలు కూడా ఉంది కనుక, మన దేశంలో సైతం మరణశిక్షలన్నీ ఉరిశిక్షలు కానక్కరలేదు.

సమాసాలను విప్పి చూసినా ఈ తేడా తెలుస్తుంది. మరణశిక్షలో మరణమే శిక్ష. ఉరిశిక్షలో ఉరి అన్నది సాధనం. ‘ఉరిచేత శిక్ష’ అని తృతీయా తత్పురుషంగా విగ్రహవాక్యం చెప్పుకోవచ్చు. ‘ఉరి’ అచ్చ తెలుగు, ‘శిక్ష’ తత్సమం కాబట్టి ఇది మిశ్రసమాసం. ఈ తేడాను మరిచిపోతే విదేశీ వార్తల్లో వింతలు పుడతాయి. అమెరికాలోని అలబామా రాష్ట్రం 2024 జనవరిలో ఒక ఖైదీకి నైట్రోజన్ వాయువుతో మరణశిక్ష అమలు చేసింది. దాన్ని ‘నైట్రోజన్‌తో ఉరిశిక్ష’ అని రాస్తే, చదివేవాడు తాడు ఎక్కడుందని వెతుక్కోవలసి వస్తుంది.

అంతకంటే పెద్ద చిక్కు వాదంలో వస్తుంది. మెడకు ఉరివేసి చంపడం రాజ్యాంగ విరుద్ధమనీ, మరింత మానవీయమైన పద్ధతి కావాలనీ 2017లో సుప్రీంకోర్టులో ఒక ప్రజాప్రయోజన వ్యాజ్యం దాఖలైంది. ఆ వ్యాజ్యం పోవాలన్నది ఉరి, మరణశిక్ష కాదు. లా కమిషన్ కూడా 2003లో తన 187వ నివేదికలో అమలు పద్ధతిని గురించే చర్చించింది; మరణశిక్ష ఉండాలా వద్దా అన్న ప్రశ్నకు 2015లో 262వ నివేదికలో సమాధానమిచ్చింది. ఈ రెండు చర్చలకూ ‘ఉరిశిక్ష రద్దు’ అనే ఒక్క శీర్షిక పెడితే, పద్ధతి మార్చమన్నవాడు శిక్షనే తీసేయమన్నవాడుగా కనిపిస్తాడు.

అలాగని ఉరిశిక్ష అన్న మాటను పక్కన పెట్టమని నేను చెప్పను. 1975 డిసెంబరు 1న, అత్యవసర పరిస్థితి రోజుల్లో, హైదరాబాదు ముషీరాబాద్ జైలులో నక్సలైటు రైతు ఉద్యమకారులు భూమయ్యను, కిష్టాగౌడ్‌ను ఉరితీశారు. ఆ ఉరి గురించి తెలుగులో మాట్లాడేవారు ‘మరణశిక్ష’ అనకుండా ‘ఉరి’ అనడం సహజమూ, సత్యమూ కూడా. జరిగిన సంఘటనకు ‘ఉరి’ సరిపోతుంది, సూత్రాన్ని చర్చించేటప్పుడు ‘మరణశిక్ష’ కావాలి.

మరణదండన పాతకాలపు మాట. మనుస్మృతి దండనను వాగ్దండం (మాటతో మందలింపు), ధిగ్దండం (గట్టి నింద), ధనదండం (జరిమానా), వధదండం (శరీరానికి వేసే శిక్ష) అని నాలుగు మెట్లుగా చెప్పింది. నేటి వ్యవహారంలో దండన అంటే ఇంట్లో పిల్లవాణ్ణి కోప్పడడానికీ సరిపోయేంతగా అర్థం పలచబడింది. పురాణ ప్రసంగంలోనో చారిత్రక రచనలోనో అది ఒదుగుతుంది కానీ, న్యాయస్థానాల తీర్పుల గురించి రాసే వ్యాసానికి మరణశిక్షే మేలు.

ఇక ‘రద్దు’ సంగతి. ‘ఈరోజు రైలు రద్దయింది’ అంటే ఆ ఒక్కరోజు బండి నడవదని అర్థం చేసుకుంటాం తప్ప ఆ మార్గమే ఎత్తేశారని అనుకోం. ‘జమీందారీ రద్దు’ అన్నప్పుడు మాత్రం ఆ వ్యవస్థే పోయిందని గ్రహిస్తాం. మరణశిక్ష విషయంలో ఈ రెండర్థాలూ పక్కపక్కనే తిరుగుతుంటాయి కనుక సందర్భం ఒక్కటే మనల్ని కాపాడలేదు. పైకోర్టు ఒక వ్యక్తికి పడిన శిక్షను తోసిపుచ్చితే ‘మరణశిక్షను కొట్టివేసింది’ అనండి. దాని స్థానంలో జైలుశిక్ష వేస్తే ‘యావజ్జీవ శిక్షగా మార్చింది’ అనండి. తాత్కాలికంగా ఆపితే ‘అమలును నిలిపివేసింది’ అంటే చాలు. శిక్షను చట్టంలోంచే తొలగించడానికి మాత్రం ‘రద్దు’ను అట్టిపెట్టుకోండి. ఐక్యరాజ్యసమితి సాధారణ సభ 2007లో చేసిన తీర్మానం మరణశిక్షల అమలును ఆపమన్నది, అంతిమ లక్ష్యంగా రద్దును పెట్టుకున్నది. భారతదేశం దానికి వ్యతిరేకంగా ఓటు వేసింది. ‘మరణశిక్ష రద్దు తీర్మానం’ అని దాన్ని ఒక్క ముక్కలో తేల్చేస్తే అందులోని మొదటి సగం జారిపోతుంది. 2015 నాటి లా కమిషన్ సిఫారసులో కూడా ఉగ్రవాద నేరాలకూ, దేశంపై యుద్ధానికీ మినహాయింపు ఉంది. ఆ మినహాయింపును చెప్పకుండా ‘లా కమిషన్ రద్దు కోరింది’ అని ప్రసంగిస్తే ఎదుటి పక్షం మిమ్మల్ని అక్కడే పట్టుకుంటుంది.

కొందరు రద్దుకు బదులు ‘నిర్మూలన’ అంటున్నారు. అస్పృశ్యతా నిర్మూలన, పేదరిక నిర్మూలన అన్నట్టు, చెడ్డదని ముందే తీర్మానించుకున్నదానికే మనం ఆ మాట వాడతాం. రద్దు పక్షాన మాట్లాడేవారు దాన్ని నిరభ్యంతరంగా వాడుకోవచ్చు; ఇరుపక్షాల వాదాలనూ వివరించే వ్యాసకర్త వాడకూడదు.

క్షమాభిక్ష గురించి మీకు కలిగిన అనుమానం నాకూ ఉంది. రాజ్యాంగం 72వ అధికరణం రాష్ట్రపతికీ, 161వ అధికరణం గవర్నరుకూ శిక్షను క్షమించే, తగ్గించే, మార్చే, వాయిదా వేసే అధికారాలను ఇచ్చాయి. ఇన్ని వేర్వేరు పనులకు మనం ‘భిక్ష’ అన్న ఒక్క మాట తగిలించాం. భిక్ష ఇచ్చేవాడి దయ. పెట్టకపోతే అడిగే దిక్కు లేదు. న్యాయస్థానాలు చెప్పింది వేరు. ఆంధ్రప్రదేశ్ గవర్నరు ఒక ఖైదీకి ఇచ్చిన శిక్ష తగ్గింపును 2006లో సుప్రీంకోర్టు కొట్టివేస్తూ, ఈ అధికార వినియోగం కూడా న్యాయసమీక్షకు లోబడేదేనన్నది. 2014లో శత్రుఘ్న చౌహాన్ కేసులో, అర్జీ పెట్టుకోవడం ఖైదీకి రాజ్యాంగం ఇచ్చిన హక్కేననీ, దాన్ని తేల్చడంలో అకారణంగా జరిగే విపరీత జాప్యం మరణశిక్షను తగ్గించడానికి ఆధారమవుతుందనీ చెప్పి, 15 మంది శిక్షలను యావజ్జీవంగా మార్చింది. ‘క్షమాపణ అర్జీ’ అందామంటే, తెలుగులో క్షమాపణ తప్పుచేసినవాడు చెప్పుకునేది కనుక అదీ కుదరదు. అందువల్ల వార్తలో పరిచితమైన ‘క్షమాభిక్ష అర్జీ’ని ఉండనిచ్చి, మీ ప్రసంగంలో మాత్రం ‘శిక్ష తగ్గించమని రాష్ట్రపతికి పెట్టుకున్న అర్జీ’ అని విడమరిచి చెప్పండి.

‘క్షమాభిక్ష లభించింది’ అన్న వాక్యంతోనూ జాగ్రత్తగా ఉండాలి, విన్నవారు ఖైదీ ఇంటికి వెళ్ళిపోయాడనుకుంటారు. 1993 నాటి చిలకలూరిపేట బస్సు దహనం కేసులో మరణశిక్ష పడిన ఇద్దరికీ 1998లో రాష్ట్రపతి కె.ఆర్.నారాయణన్ దాన్ని యావజ్జీవ శిక్షగా మార్చారు. అక్కడ మారింది శిక్ష, నేరం మాఫీ కాలేదు. యావజ్జీవమంటే పద్నాలుగేళ్ళేనని ఎవరైనా వాదిస్తే, యావత్ జీవం, అంటే బతికున్నంత కాలం, అన్న పదార్థాన్నే 1961లో సుప్రీంకోర్టు కూడా చెప్పిందని జవాబివ్వండి. మరణశిక్ష విధించదగిన నేరంలో యావజ్జీవం పడినవారిని ముందుగా విడుదల చేసే ఆలోచన చేయాలన్నా గడపవలసిన కనీస కాలమే ఆ 14 ఏళ్ళు.